ఇవతలి ఒడ్డు

బ్యారేజీ మీద డెబ్భయ్యో గేటు వెనకపడగానే
ఆటో డ్రైవరు గొంతు తగ్గిస్తాడు.
సీతానగరం అంటే అంతే.
మధ్యాహ్నం పూట మిక్సీ తిప్పితే
గోడ మీంచి పక్కింటి సులోచన గారు
ఏమైందమ్మా అని అడుగుతారు.

అవతల బెజవాడ.
కాలేజీలూ అక్కడే, హాస్టళ్ళూ అక్కడే.
బాల్కనీలకు కోళ్ళగూటి జాలీలు బిగించి
పదహారేళ్ళ పిల్లల్ని నాలుగున్నరకి
గంట కొట్టి లేపేదీ అక్కడే.
వాళ్ళ రికార్డులు మాత్రం
గోనెసంచీలో ఏరు దాటి నా దగ్గరికొస్తాయి.

జువాలజీ అయితే రెండొందల యాభై.
బోటనీకి యాభై తక్కువ,
ఆకులు అంత ఏడిపించవు కాబట్టి.
మందారాన్ని నిలువునా కోసి అండాశయం దాకా
కళ్ళు మూసుకుని వేసేస్తాను.
బొద్దింక నోటికి మాత్రం కళ్ళజోడు కావాలి.
ఇరవై రెండేళ్ళుగా
ఎవరెవరి పేర్ల కిందో నా గీత.
వాళ్ళలో డాక్టర్లయిన వాళ్ళు ఉండే ఉంటారు.
ఎప్పుడైనా ఒంట్లో బాగోక వాళ్ళ ముందు కూర్చుంటే
బాబూ, నీ కప్ప గుండెకి మూడు గదులు కట్టింది నేనే
అని చెప్పనా మాననా అనుకుని
పెన్సిలు చెక్కుతూ నవ్వుకుంటాను.

ప్రాక్టికల్స్‌కి వారం ముందు, ఆదివారం,
కాశింపీరా వచ్చాడు.
కంభం కుర్రాడు. స్కేలులా ఉంటాడు.
"అయిందా ఆంటీ?"
ఇంకా రెండు బొమ్మలున్నాయి, కూర్చో అన్నాను.
వరండాలో నవారు మంచం మీద కూర్చుని
కాసేపు అటూ ఇటూ చూశాడు.
"ఏం వినపడట్లేదేంటి ఆంటీ?"
కరెంటు పోయిందా అని అడిగినట్టు అడిగాడు.

వినపడుతుంది, ఆగు అన్నాను.
కెనాల్ స్టేషన్ దగ్గర సిగ్నలు దొరక్క
నిట్టూర్చిన గూడ్సు.
సులోచన గారు చేపకి పొలుసు గీకుతున్న చప్పుడు.
అన్నిటికీ అడుగున
ఏదో ఒక గేటు సందులోంచి కాసిని నీళ్ళు.
విన్నావా అని తలెత్తేసరికి
లేడు.
ఉన్నాడు, నిద్రలో.
చెప్పులు కూడా విప్పలేదు.

నాలుగింటికి బొమ్మలయిపోయాయి.
ఐదింటికి లేపితే ఆరింటికల్లా
గేటు దగ్గర సంతకం పెట్టేస్తాడు.
ఐదింటికి లేపలేదు.
ఏం చెయ్యాలో తోచక
అయిపోయిన కప్పకే వెనక కాళ్ళ కింద
ఇంకాస్త నీడ వేశాను. మార్కులు రాని నీడ.

ఆరుంబావుకి ఫోను.
ఔటింగ్ పుస్తకంలో నా నంబరు రాసొచ్చాడట.
"మావాడు మీ దగ్గరున్నాడా?"
రికార్డు ఇంకా అవలేదండీ అన్నాను.
"ఇంకెంతసేపు?"
మంచం వైపు చూశాను.
నోరు కొంచెం తెరుచుకుంది,
ఒక చెయ్యి నేలకి జారి, వేళ్ళకి సిరా.
ఇన్నేళ్ళలో వెయ్యని బొమ్మ.
"బొద్దింక నోరండీ, టైం పడుతుంది."

ఏడున్నరకి లేచి, ముందు భయపడ్డాడు,
తర్వాత పెరుగన్నం రెండుసార్లు వేయించుకున్నాడు.
బ్యారేజీ మొదటిదాకా నేనూ నడిచాను.
ఎదర ఊరంతా తెల్లటి ట్యూబులైట్లు,
అరలు అరలుగా, ఒక్క కిటికీ ఆరకుండా.
రికార్డు చంకలో పెట్టుకుని
వెనక్కి చూడకుండా వెళ్ళాడు.
మూడో గేటు దగ్గర చూశాడు.

పరీక్షలైపోయాయి. ఈ నెలల్లో
నాకు పని ఉండదు, రంగు పెన్సిళ్ళు డబ్బాలో పడుకుంటాయి.
నిన్న ఆదివారం ముగ్గురొచ్చారు.
కాశింపీరా పంపాడన్నారు.
రికార్డులేవయ్యా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
అందులో ఒకడు ఎంపీసీ.
వాడికి కప్పే ఉండదు.

మంచం ఒకటే ఉంది.
చాప దులిపి పరిచి
లోపలికెళ్ళి మిక్సీ వైరు పీకేశాను.